ఫిన్లాండ్ మంచు దారుల్లో కారు ప్రయాణం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఫిన్లాండ్ ఉత్తర కొసన ఉన్న లాప్లాండ్‌లో చలికాలం కారు అద్దెకు తీసుకుని తిరగాలనుకుంటున్న పాఠకుల ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. కొన్ని హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చాయి. కొన్ని అక్కడే ఎస్పో, టాంపెరెల్లో ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు పంపారు. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను ఒక్కటిగా కలిపేశాం.

ప్రశ్న: డిసెంబరు చివర్లో మాకు వారం సెలవు. రొవానియెమిలో కారు తీసుకుని ఇనారి దాకా వెళ్లి, లెవి మీదుగా తిరిగి రావాలనుకుంటున్నాం. మ్యాప్ చూస్తే రోజుకు ఐదారు గంటల డ్రైవింగే కదా, సరిపోతుందా? (దంపతులు, హైదరాబాద్)

జవాబు: దూరం పెద్దదేమీ కాదండి. రొవానియెమి నుంచి సొడన్‌కులా 130 కి.మీ., అక్కడి నుంచి సారిసెల్కా మరో 130, ఆపైన ఇవాలో మీదుగా ఇనారికి 70. అంతా ఈ75 అనే ఒకే రోడ్డు. మీకు చాలనిది వెలుతురు. డిసెంబరు 21న రొవానియెమిలో సూర్యుడు కనిపించేది రెండు గంటల పైన కొద్ది నిమిషాలే. ఇనారిలోనైతే డిసెంబరు మొదటి వారం నుంచి జనవరి పదో తేదీ ప్రాంతం దాకా అసలు పొద్దే పొడవదు. మధ్యాహ్నం వేళ కొన్ని గంటలు నీలిరంగు మసక వెలుతురు ఉంటుంది, అంతే. రోజుకు ఐదారు గంటలు నడపాలంటే అందులో సగానికి పైగా చీకట్లోనో ఆ మసక వెలుతురులోనో నడపాలి. అదీ మంచు మీద, జింకలు తిరిగే రోడ్డు మీద, మీకు కొత్తయిన కుడివైపు ట్రాఫిక్‌లో.

రోజుకు 200 నుంచి 250 కి.మీ. మించొద్దు. వేసవిలో 100 ఉండే పెద్ద రోడ్ల వేగపరిమితిని చలికాలంలో చాలాచోట్ల 80కి దింపుతారు. మంచు పడుతుంటే ఆ 80 కూడా ఎక్కువే. అందుకని మ్యాప్ చూపించిన సమయానికి మూడోవంతు కలిపి లెక్కేసుకోండి. వారంలో ఒక రోజు ఏ ఊరికీ కేటాయించకుండా ఖాళీగా వదిలేయండి. గాలివాన లాంటి మంచుతుపాను వచ్చిన రోజున గదిలో ఉండిపోవడానికి పనికొచ్చేది ఆ రోజే. అన్ని రాత్రులకూ డబ్బు తిరిగి రాని బుకింగులు చేసుకున్నవాళ్లు వెళ్లకూడని రోజున బయల్దేరతారు. ఈ ప్రయాణాల్లో అసలు చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఇంకో హెచ్చరిక. ఇనారి నుంచి లెవికి దగ్గరి దారి అడిగితే మ్యాప్ మిమ్మల్ని పొక్కా అనే పల్లె మీదుగా 955 నంబరు రోడ్డు పట్టిస్తుంది. ఫిన్లాండ్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత మైనస్ 51.5 డిగ్రీలు. 1999 జనవరి 28న ఆ పొక్కాలోనే నమోదైంది. దారి పొడవునా జనావాసం బాగా తక్కువ. కారు ఆగిపోతే ఇంకో బండి ఎప్పుడొస్తుందో చెప్పలేం. మొదటిసారి వెళ్లేవాళ్లు ఈ75 మీదే సొడన్‌కులా దాకా వెనక్కి వచ్చి, 80 నంబరు రోడ్డు మీద కిట్టిలా చేరి, అక్కణ్నుంచి లెవికి వెళ్లడం మేలు. దూరం వంద కి.మీ. పైచిలుకు పెరుగుతుంది, పెరగనివ్వండి.

తేదీలు మార్చుకునే వీలుంటే ఫిబ్రవరి చివరికో మార్చికో మార్చేసుకోండని గట్టిగా చెబుతాం. అప్పటికి పగలు పది, పన్నెండు గంటలుంటుంది. లాప్లాండ్‌లో మంచు ఎక్కువ లోతున ఉండేదీ ఆ రోజుల్లోనే. రాత్రిళ్లు ఉత్తర కాంతులు, అంటే ఆకాశంలో కదిలే రంగుల వెలుగులు (అరోరా), చూడటానికి సరిపడా చీకటీ ఉంటుంది. క్రిస్మస్ తాత కోసం పిల్లలు పట్టుబడితే సరే. ఆయన గ్రామం రొవానియెమికి 8 కి.మీ. దూరంలోనే, ఏడాది పొడవునా తెరిచి ఉంటుంది.

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్ లైసెన్సుతో అక్కడ నడపొచ్చా? (పాఠకుడు, విజయవాడ)

జవాబు: నడపొచ్చు. దాంతోపాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా తీసుకెళ్లండి. కార్లు అద్దెకిచ్చే కౌంటర్లలో అది అడుగుతారు. పరివాహన్ వెబ్‌సైట్‌లోని సారథి పేజీలో ఫారం 4ఏ నింపి, పాస్‌పోర్టు, వీసా, టికెట్ నకళ్లు జతచేసి మీ ఆర్టీఓ ఆఫీసుకు దరఖాస్తు చేయాలి. ఫీజు 1,000 రూపాయలు, సర్వీసు ఛార్జీలు అదనం. అది ఏడాది పాటు చెల్లుతుంది. అసలు లైసెన్సు చేతిలో లేకపోతే ఆ పర్మిట్ ఒక్కటీ చెల్లదు, రెండూ దగ్గర ఉంచుకోండి.

అద్దె ఒప్పందంలో మూడు సంగతులు చూసుకోండి. క్రెడిట్ కార్డు నడిపేవారి పేరు మీదే ఉండాలి. ఇద్దరు నడిపేట్టయితే రెండో పేరు కూడా కాగితం మీద ఎక్కించాలి. మూడోది బీమా. రోడ్డు జారకుండా చల్లిన కంకర ఎగిరి ముందు అద్దం పగలడం, కారు పక్కనున్న కాలవలోకి దిగితే లాగించుకునే ఖర్చు చాలా బీమాల్లో ఉండవు. ఆ రెండింటి గురించి పేరుపెట్టి అడగండి.

అలవాటు కొద్దీ జరిగే పొరపాటు ఒకటుంది. మన మారుతి, హ్యుందాయ్ కార్లలో ఇండికేటర్ కాడ స్టీరింగ్‌కు కుడివైపు ఉంటుంది, అక్కడి కార్లలో ఎడమవైపు. మొదటి రోజు మలుపు దగ్గర ఇండికేటర్‌కు బదులు వైపర్లు ఆడతాయి. రాత్రి వాటి మీద మంచు గడ్డకట్టి ఉంటే రబ్బరు చిరుగుతుంది. బయల్దేరేముందు పార్కింగ్‌లోనే పది నిమిషాలు మీటలన్నీ చేతికి అలవాటు చేసుకోండి. గుర్తులేమీ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవారికి దారి ఇవ్వాలన్నదీ గుర్తుంచుకోండి.

ప్రశ్న: ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకుంటే భయం లేదంటున్నారు. అద్దె మాత్రం బాగా ఎక్కువ. తప్పనిసరా? (పాఠకుడు, ఎస్పో)

జవాబు: తప్పనిసరి కాదు. నాలుగు చక్రాలకూ శక్తి అందితే బండి కదలడం, ఎత్తు ఎక్కడం తేలికవుతుంది. ఆపాల్సి వచ్చినప్పుడు మాత్రం అది మామూలు కారు కంటే ఒక్క మీటరు కూడా ముందు ఆగదు. బ్రేకులు అన్ని కార్లకూ నాలుగు చక్రాలకే ఉంటాయి. ఆ డబ్బు మంచి టైర్ల మీద పెట్టండి.

ఫిన్లాండ్ చట్టం ప్రకారం నవంబరు నుంచి మార్చి చివరి దాకా, వాతావరణం, రోడ్డు పరిస్థితి అవసరమనిపించినప్పుడు చలికాలపు టైర్లు ఉండాలి. వాటి గాడుల లోతు కనీసం 3 మి.మీ. ఉండాలి. వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి చిన్న ఉక్కు మేకులు దిగగొట్టినది. రెండోది మేకులు లేకుండా మెత్తటి రబ్బరుతో, సన్నటి కోతలతో పట్టు ఇచ్చేది. బాగా చలిగా, పొడి మంచుతో ఉన్న రోడ్డు మీద రెండూ పనిచేస్తాయి. గడ్డకట్టిన మంచు మీద సన్నటి నీటి పొర ఉన్నప్పుడు తేడా బయటపడుతుంది. అప్పుడు మేకుల టైరుదే పైచేయి. కొత్తవాళ్లకు మేము చెప్పేది మేకుల టైరే. బుక్ చేసేటప్పుడు అడిగి రాయించుకోండి.

కారు చేతికొచ్చాక గాలి చూడండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడితే టైరులో గాలి ఒత్తిడి సుమారు 0.1 బార్ తగ్గుతుంది. వెచ్చటి గ్యారేజీలో నింపిన గాలి బయట మైనస్ 25లో తక్కువైపోతుంది.

ప్రశ్న: నల్ల మంచు అంటే ఏమిటి? బ్రేకు ఎంత దూరంలో పడుతుంది? (పాఠకురాలు, వరంగల్)

జవాబు: తారు మీద పలచగా, గాజులా పేరుకున్న మంచు పొర అది. కింద తారు కనిపిస్తుంటుంది కాబట్టి తడి రోడ్డే అనుకుంటాం. దాన్ని తెల్ల మంచు కన్నా ప్రమాదం అనడానికి కారణం అదే.

లెక్క చూడండి. గంటకు 80 కి.మీ. వేగంలో బ్రేకు నొక్కితే, పొడి తారు మీద కారు సుమారు 32 మీటర్లలో ఆగుతుంది. తొక్కి గట్టిపడిన మంచు మీద 84 మీటర్లు పడుతుంది. నున్నటి తడి మంచుగడ్డ మీద 250 మీటర్లు. మీ కాలు బ్రేకు మీదికి వెళ్లేలోగా దొర్లిపోయే 22 మీటర్లు వీటికి అదనం. వేగాన్ని 50కి దింపితే అదే నున్నటి మంచుగడ్డ మీద దూరం 100 మీటర్లకు వస్తుంది. వేగం సగమైతే ఆగే దూరం నాలుగోవంతు అవుతుంది. చేతిలో ఉన్న ఆయుధాల్లో దీనికి సాటి వచ్చేది లేదు.

చాలామంది చలి ముదిరేకొద్దీ రోడ్డు ఎక్కువ జారుతుందనుకుంటారు. నిజానికి మైనస్ 20లో మంచు గరుకుగా, కాస్త పట్టుగా ఉంటుంది. సున్నాకు అటూ ఇటూ, అంటే ప్లస్ 2 నుంచి మైనస్ 3 మధ్య, మంచు మీద నీటి పొర ఏర్పడి బాగా జారుతుంది. కారులో చూపించే అంకె గాలి ఉష్ణోగ్రతది. మబ్బు లేని రాత్రి రోడ్డు తన వేడిని ఆకాశంలోకి వదిలేసి గాలి కంటే కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. కాబట్టి ప్లస్ 2 అని కనిపించినా రోడ్డు గడ్డకట్టి ఉండొచ్చు. వంతెనలు కింద నుంచీ చల్లబడతాయి, అందుకే ముందు గడ్డకట్టేవి అవే.

దాన్ని ఎలా పసిగట్టాలి? టైర్ల చప్పుడు ఉన్నట్టుండి తగ్గిపోతుంది. స్టీరింగ్ తేలికవుతుంది. తడిగా కనిపిస్తున్న రోడ్డు మీద ఎదురు బండి చక్రాల వెనక తుంపర లేవకపోతే అది నీరు కాదని అర్థం. అప్పుడు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీయండి. స్టీరింగ్ తిప్పొద్దు, గట్టిగా బ్రేకు వేయొద్దు. క్రూజ్ కంట్రోల్ ముందు నుంచీ ఆపే ఉంచండి. చక్రాలు జారినప్పుడు అది వేగం నిలబెట్టాలని చూస్తుంది. తప్పనిసరిగా ఆగాల్సి వస్తే బ్రేకు పూర్తిగా నొక్కి పట్టుకోండి. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తూ పెడల్ కాలి కింద గడగడలాడుతుంది, బెదిరి వదలకండి. వెనక భాగం పక్కకు జారితే, మీరు వెళ్లాలనుకున్న వైపే చూస్తూ స్టీరింగ్ అటే పెట్టండి. చెట్టును చూస్తే చెట్టు వైపే పోతుంది.

కారు తీసుకున్న రోజే ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్‌లో 20, 30 కి.మీ. వేగంతో వెళ్లి పూర్తిగా బ్రేకు వేసి చూడండి. ఫిన్లాండ్‌లో లైసెన్సు తీసుకునేవాళ్లకు జారే రోడ్డు మీద నడిపే శిక్షణ ఉంటుంది. మనకది లేదు కాబట్టి ఆ అరగంటా ఖర్చు పెట్టాల్సిందే.

లారీల గురించి కూడా చెప్పాలి. అక్కడ 34.5 మీటర్ల పొడవు, 76 టన్నుల బరువు దాకా లారీలకు అనుమతి ఉంది. పొడి మంచు మీద అలాంటి లారీ వెళ్తే దాని వెనక తెల్లటి ధూళి మేఘంలా లేస్తుంది. ఎదురుగా వస్తుంటే ముందే వేగం తగ్గించి, కుడివైపు ఒదిగి, స్టీరింగ్ నిలకడగా పట్టుకోండి. నాలుగైదు సెకన్లు ఏమీ కనపడదు. మరీ అంచుకు పోకండి. అక్కడి మెత్తటి మంచు చక్రాన్ని లోపలికి లాగేస్తుంది. మీ ముందు లారీ ఉంటే దాటే ఆలోచన మానేసి, ధూళి మీ అద్దం మీద పడనంత వెనక ఉండండి. మంచు పడుతున్నప్పుడు హై బీమ్ వేస్తే వెలుగంతా మీ కళ్లలోకే తిరిగి వస్తుంది, లో బీమ్ చాలు. ఎల్ఈడీ దీపాలు వేడెక్కవు కాబట్టి వాటి మీద పడ్డ మంచు కరగదు. ఆగిన ప్రతిసారీ ముందు దీపాలు, వెనక దీపాలు తుడవండి.

ప్రశ్న: మైనస్ 25, 30లో రాత్రంతా బయట ఉన్న కారు పొద్దున స్టార్ట్ అవుతుందా? (పాఠకుడు, కాకినాడ)

జవాబు: కారు ముందు భాగంలో ఒక ప్లగ్గు ఉంటుంది, అదే ఇంజను హీటరుది. హోటళ్లు, కాటేజీల పార్కింగ్‌లో కరెంటు స్తంభాలు ఉంటాయి. కేబుల్ ఒక కొస కారుకు, రెండో కొస స్తంభానికి పెట్టి, దాని టైమరును బయల్దేరే వేళకు తిప్పాలి. మైనస్ 10 దాకా గంట, మైనస్ 20 దాకా రెండు గంటలు, అంతకంటే చలిలో మూడు గంటలు. అంతకు మించి పెట్టినా లాభం లేదు, ఇంజను ఇంకా వేడెక్కదు. అద్దె కారు తీసుకునేటప్పుడు ఆ కేబుల్ డిక్కీలో ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. ఎలా పెట్టాలో అక్కడివాళ్ల చేతే ఒకసారి చేయించుకోండి. కేబుల్ పీకకుండా కారు కదిలించడం తరచూ జరిగే పని. పీకి చుట్టి లోపల పెట్టాకే తలుపు వేయండి.

కేవలం వేడెక్కడానికి ఇంజను ఆన్ చేసి వదిలేయడం అక్కడ చట్టం ఒప్పుకోదు. నిలిపిన కారు ఇంజను 2 నిమిషాలు, మైనస్ 15 కంటే చలిగా ఉంటే 4 నిమిషాలు, అంతకు మించి ఊరికే నడపకూడదు. కారుతో ఇచ్చిన బ్రష్షుతో పైకప్పు మీది మంచుతో సహా మొత్తం దులపండి. పైన వదిలేస్తే మొదటి బ్రేకుకే జారి ముందు అద్దం మీద పడుతుంది. అద్దం మీద వేడినీళ్లు పోయకండి, పగులుతుంది. రాత్రి ఆపేటప్పుడు వైపర్ల స్విచ్ ఆఫ్‌లో ఉంచండి. చేత్తో లాగే హ్యాండ్‌బ్రేకైతే వేయకుండా గేరులోనో పార్క్‌లోనో వదలండి, వేస్తే గడ్డకట్టి పట్టేస్తుంది. అద్దాలు కడిగే నీళ్లు మైనస్ 20కి తట్టుకునే రకమై ఉండాలి, ఇంకా ఉత్తరానికి వెళ్తే అంతకంటే గట్టిది. మామూలు నీళ్లు కలిపితే గొట్టంలోనే గడ్డకడతాయి.

లోపలి అద్దాలు మసకబారుతుంటే గాలి బయటి నుంచి తీసుకునేలా పెట్టి, ఏసీ ఆన్ చేయండి. చలిలో ఏసీ ఏమిటనిపిస్తుంది, కానీ గాలిలోని తేమను పీల్చేది అదే. ఎక్కేముందు బూట్ల మంచు దులుపుకుంటే సగం మసక తగ్గుతుంది.

ప్రశ్న: రెయిన్‌డీర్లు రోడ్డు మీదకు వస్తాయట. గుద్దితే ఏం చేయాలి? (విద్యార్థిని, టాంపెరె)

జవాబు: అవి అడవి జంతువులు కావు, ప్రతిదానికీ యజమాని ఉంటాడు. ఫిన్లాండ్‌లో సుమారు రెండు లక్షలు ఉన్నాయి. ఏటా నాలుగు వేల దాకా రోడ్డు మీదే చనిపోతున్నాయి. చీకటి రోజులైన నవంబరు నుంచి జనవరి దాకా ఇది ఎక్కువ. బూడిద, గోధుమ రంగు శరీరం చీకట్లో కలిసిపోతుంది. వాటికి కారంటే భయం తక్కువ. హారన్‌కు కదలవు, రోడ్డు వెంబడే మీ ముందు పరిగెడతాయి. ఒకటి కనిపిస్తే గుంపు ఉందని అనుకుని వెంటనే వేగం దించండి, అవసరమైతే పూర్తిగా ఆగండి. దుప్పిలాంటి పెద్ద జంతువు, అక్కడివాళ్లు హిర్వి అనేది, ఇంకా ప్రమాదం. కాళ్లు పొడుగు, బరువు కొన్ని వందల కిలోలు. గుద్దితే కాళ్లు విరిగి శరీరం నేరుగా ముందు అద్దం మీదికి వస్తుంది. తెల్లవారుజామున, సాయంత్రం మసకలో పసుపు త్రిభుజంలో దాని బొమ్మ ఉన్న బోర్డు కనిపిస్తే ఆ బోర్డు చెప్పినంత దూరమూ కాలు బ్రేకు దగ్గరే ఉండాలి.

ఢీకొంటే వెంటనే హజార్డ్ లైట్లు వేసి, మెరిసే జాకెట్టు తొడుక్కుని, కారులో ఉండే హెచ్చరిక త్రిభుజాన్ని వెనక దూరంగా పెట్టి 112కి ఫోన్ చేయండి. జంతువు లేచి అడవిలోకి పోయినా చెప్పాల్సిందే. గాయంతో తిరిగే దాన్ని వెతకడానికి మనుషుల్ని పంపుతారు. 112 వాళ్ల యాప్ ముందే ఫోన్‌లో వేసుకుని, దాన్నుంచే ఫోన్ చేస్తే మీరున్న చోటు దానంతట అదే వాళ్లకు తెలుస్తుంది. ఊరి పేరు పలకలేని చోట ఇది ప్రాణం కాపాడుతుంది.

ప్రశ్న: ఉత్తర కాంతులు కనిపిస్తే రోడ్డు పక్కన ఆపి ఫొటోలు తీసుకోవచ్చా? (పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: వద్దండి. పర్యాటకుల కార్లు కాలవల్లోకి దిగే సందర్భాల్లో ఇదొకటి. మంచు తోసే యంత్రం రోడ్డు అంచు దాటి కూడా చదునుగా తోసుకుపోతుంది. చూడటానికి గట్టి నేలలా ఉంటుంది, కింద మాత్రం కాలవ ఉంటుంది. రోడ్డు అంచు ఎక్కడుందో చెప్పేవి పక్కన నాటిన కర్రలు. వాటికి బయట చక్రం పెట్టకూడదు. అలాగని రోడ్డు మీదే ఆపి, దీపాలు ఆర్పి ఆకాశం చూస్తుంటే వెనక నుంచి వచ్చే లారీ మిమ్మల్ని చూడదు. పి అక్షరం ఉన్న పార్కింగ్ స్థలాల్లోనే ఆపండి. పగలే మీ బసకు దగ్గర్లో అలాంటి రెండు మూడు చోట్లు చూసి పెట్టుకోండి. చీకట్లో నడిచేవాళ్లు రిఫ్లెక్టరు పెట్టుకోవాలని అక్కడ చట్టమే ఉంది. సూపర్ మార్కెట్లలో దొరుకుతుంది, తలా ఒకటి కోటుకు వేలాడదీయండి.

దిగబడితే ఇంజను ఊపిరాడనట్టు రేజ్ చేయకండి. చక్రం తిరిగిన కొద్దీ కింద మంచు కరిగి గాజులా గడ్డకడుతుంది. ముందు పారతో చక్రాల ముందు, బండి పొట్ట కింద మంచు తీయండి. కాళ్ల కింది రబ్బరు మ్యాట్లను ఇంజను తిప్పే చక్రాల ముందు పరవండి. చక్రాలు జారి తిరగకుండా శక్తిని తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ ఆపి, మాన్యువల్ అయితే రెండో గేరులో, మెల్లగా ముందుకూ వెనక్కూ ఊపుతూ తీయండి. పక్కకు ఒరిగి ఉంటే ప్రయత్నమే వద్దు, టోయింగ్‌కు ఫోన్ చేయాల్సిందే. లాగడానికి కొక్కెం సాధారణంగా డిక్కీలో స్టెప్నీ దగ్గర విడిగా ఉంటుంది. బంపరులోని చిన్న మూత తీసి దాన్ని బిగించాలి.

సాయం కోసం ఎదురుచూసేటప్పుడు కారు వదిలి నడవొద్దు. ఇంజను నడుపుకోవాల్సి వస్తే ముందు పొగ గొట్టం చుట్టూ మంచు తీసేయండి. అది మూసుకుపోతే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరుతుంది. నిద్ర వస్తున్నట్టుంటుంది, మళ్లీ లేవరు. ఆ గొట్టాన్ని పది పదిహేను నిమిషాలకోసారి చూస్తుండండి. డిక్కీలో పార, దుప్పట్లు, తలకు కట్టుకునే టార్చి, ఫ్లాస్కులో వేడి టీ, తినడానికి ఏదైనా, ఫోన్ ఛార్జరు లేకుండా ఊరు దాటొద్దు. పవర్ బ్యాంకును మాత్రం డిక్కీలో కాక జేబులో ఉంచండి, చలికి దాని ఛార్జి చూస్తుండగానే పడిపోతుంది.

ప్రశ్న: నాలుగేళ్ల బాబుతో వెళ్తున్నాం. కారులో అంత మందపాటి జాకెట్టుతో కూర్చోబెట్టొచ్చా? (పాఠకురాలు, గుంటూరు)

జవాబు: జాకెట్టు తీసేయండమ్మా. అందులోని గాలి వల్ల బెల్టు బిగిసినట్టే కనిపిస్తుంది. గుద్దుకున్నప్పుడు జాకెట్టు నలిగి బెల్టు వదులై పిల్లవాడు జారిపోతాడు. పల్చటి ఊలు బట్టలతో కూర్చోబెట్టి, బెల్టు బిగించాక జాకెట్టు దుప్పటిలా పైన కప్పండి. 135 సెం.మీ. కన్నా పొట్టి పిల్లలకు తగిన సీటు తప్పనిసరి, కారుతోపాటే బుక్ చేయండి.

బయటికి వెళ్లేటప్పుడు ఒంటికి తగిలే బట్ట నూలుది కాకూడదు. చెమట పట్టి అలాగే తడిగా ఉండిపోయి ఒళ్లు చల్లబరుస్తుంది. లోపల ఊలు లేదా సింథటిక్, మధ్యలో ఫ్లీసు, పైన గాలి చొరబడనిది. బూట్లు ఒక సైజు పెద్దవి కొనండి. రెండు జతల సాక్సులు బిగుతుగా తొడిగితే రక్తం ఆడక వేళ్లు ముందు చల్లబడతాయి.

ప్రశ్న: మేం శాకాహారులం. ఏమేం తీసుకెళ్లొచ్చు? (పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: నెయ్యి తీసుకెళ్లకూడదు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం తేవడం నిషేధం. పాలకోవా, పెరుగు, పనీరు కూడా ఇందులోకే వస్తాయి. పచ్చి కరివేపాకు, పచ్చిమిరపకాయలు లాంటి తాజా ఆకులు, కూరగాయలు తగిన సర్టిఫికెట్ లేకుండా ఒప్పుకోరు. అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస, దురియన్ పళ్లకు మాత్రం మినహాయింపు ఉంది. కందిపొడి, నువ్వులపొడి, సాంబారు పొడి, ఇంగువ, మసాలాలు, ఆవకాయ నిశ్చింతగా పట్టుకెళ్లండి. ఆవకాయ సీసాను రెండు సంచుల్లో బిగించి, చెకిన్ లగేజీలో పెట్టండి.

బియ్యం, ఎర్ర కందిపప్పు, పెరుగు, వెన్న అక్కడి సూపర్ మార్కెట్లలో దొరుకుతాయి. హోటల్ బదులు వంటగది ఉన్న కాటేజీ తీసుకుంటే తిండి చింత ఉండదు. అయితే స్టవ్‌లు చాలావరకు ఇండక్షనే, అల్యూమినియం కుక్కరు పనిచేయదు. కాటేజీ అద్దెలో దుప్పట్లు, తువ్వాళ్లు, చివరి రోజు శుభ్రం చేసే ఖర్చు చాలాచోట్ల విడిగా ఉంటాయి. అవి కలిపి చూసి హోటల్‌తో పోల్చండి.

ప్రశ్న: మా సొంత ఎలక్ట్రిక్ కారులో హెల్సింకి నుంచి లాప్లాండ్‌కు వెళ్దామా? (పాఠకుడు, ఎస్పో)

జవాబు: రొవానియెమి దాకా 815 కి.మీ. పైచిలుకు ఉంది. చలికాలంలో ఒక్క రోజులో నడపడం మంచిది కాదు. హెల్సింకిలోని పాసిల నుంచి రాత్రి రైలు మీ కారును కూడా ఎక్కించుకుని వెళ్తుంది. మీరు స్లీపర్‌లో పడుకోవచ్చు. టికెట్లు సెలవుల వారాల్లో త్వరగా అయిపోతాయి.

కారు విషయానికొస్తే, గట్టి చలిలో రేంజ్, అంటే ఒక్క ఛార్జితో వెళ్లే దూరం, మూడోవంతు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ తగ్గుతుందని లెక్కేసుకోండి. కాగితం మీద 400 కి.మీ. ఉంటే 250 మాత్రమే నమ్మండి. చల్లారిన బ్యాటరీ ఫాస్ట్ ఛార్జరు దగ్గర కూడా నెమ్మదిగానే ఎక్కుతుంది. అందుకే బస నుంచి బయల్దేరేముందు ప్లగ్గులో ఉండగానే లోపలి భాగం, బ్యాటరీ వేడెక్కించండి. ఛార్జరు చేరేముందు నావిగేషన్‌లో దాన్నే గమ్యంగా పెడితే చాలా కార్లు బ్యాటరీని దారిలోనే సిద్ధం చేస్తాయి. డీజిల్ కారైతే ఇంకో సంగతి. వేసవి డీజిల్‌లో మైనం పేరుకుని ఫిల్టరు మూసుకుపోతుంది, అందుకని అక్కడి బంకుల్లో చలికాలపు డీజిలే నింపండి. ఇవాలో దాటాక బంకులు దూరదూరంగా ఉంటాయి. ట్యాంకు సగానికి రాగానే నింపడం అలవాటు చేసుకోండి. మనుషులు లేని బంకుల్లో పిన్ ఉన్న కార్డే పనిచేస్తుంది.

రోజూ పొద్దున, అక్కడి ట్రాఫిక్ సమాచార సంస్థ ఫిన్‌ట్రాఫిక్ వెబ్ పేజీలో రోడ్డు కెమెరాలు, వాతావరణం చూసి బయల్దేరండి. రోడ్డు పరిస్థితిని మామూలు, చెడ్డది, చాలా చెడ్డది అని మూడు స్థాయిల్లో చూపిస్తుంది. మూడోది కనిపిస్తే ఆ రోజు కదలకండి.

ప్రశ్న: ఇనారి దాకా వెళ్లాక నార్వేలోని నార్త్ కేప్ కూడా చూసి రావచ్చా? (దంపతులు, విశాఖపట్నం)

జవాబు: రెండు రోజులు అదనంగా ఉంటేనే. ఒకవైపే 350 కి.మీ. పైన ఉంటుంది. సముద్రపు గాలికి వాతావరణం గంటలో మారిపోతుంది. దారిలో సముద్రం కింద 6.9 కి.మీ. సొరంగం ఉంది, సముద్ర మట్టానికి 212 మీటర్ల లోతుకు దిగి మళ్లీ పైకి ఎక్కాలి. దిగేటప్పుడు బ్రేకు మీదే ఆధారపడకుండా చిన్న గేరు వాడండి. చివరి 13 కి.మీ., అంటే స్కార్స్‌వాగ్ దారి చీలిక నుంచి కొస దాకా, చలికాలంలో సొంతంగా నడపనివ్వరు. మంచు తోసే బండి వెనక వరుసగా, నిర్ణీత సమయాల్లో మాత్రమే తీసుకెళ్తారు. గాలి ఎక్కువైతే అది కూడా రద్దు. వరుసలో ఉన్నప్పుడు ముందు కారు దీపాలు కనిపించే దూరంలో ఉండాలి, ఎక్కడా ఆగకూడదు, తిరగకూడదు.

అద్దె కారును దేశం దాటించడానికి ముందే అనుమతి తీసుకుని ఒప్పందంలో రాయించుకోండి. నార్వే గడియారం ఫిన్లాండ్ కంటే గంట వెనక ఉంటుంది. ఆ వరుస బయల్దేరే వేళ, తిరుగు వరుస వేళ రెండూ నార్వే సమయంలో ఉంటాయి. సరిహద్దు దగ్గర ఫోన్ ఏ దేశం టవరు పట్టుకుందో దాన్ని బట్టి గంట అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి, చేతి గడియారాన్ని ముందురోజు రాత్రే నార్వే సమయానికి మార్చి పెట్టుకోండి.